చెమ్మ ఆరని నేల

ఇంటి నుంచి,
వంటింటి బల్ల దగ్గర

అమ్మాయికి,

నేను ఉత్తరం రాస్తున్నట్టు మీ నాన్నకి తెలియదు. తెలిస్తే "ఏం రాశావు, ఏదీ చూపించు" అని నా వెనకే తిరుగుతారు. నువ్వు మా పెళ్ళికి రాలేదు. ఆదివారం మన ఎదురింటి మందుల షాపులోంచి మేం ఫోను చేసినప్పుడు నా గొంతు వినగానే "నాన్నకివ్వండి" అంటావు. తప్పు పట్టడం లేదు. స్కూలు యూనిఫాం కుట్టిన టైలరమ్మ ఉన్నట్టుండి తమ వంటింట్లో ప్రత్యక్షమైతే ఎవరికైనా మింగుడుపడదు. నాకే ఇంకా పూర్తిగా పడలేదు.

ఇంతకీ విషయం ఇది. హాల్లో నేల మార్చాలని మీ నాన్న పట్టుబట్టారు. నువ్వు సెలవులకి వచ్చేసరికి గట్టి చెక్క నేల మీద నడవాలట. చెక్క వచ్చేసింది. ఓ మూల పేర్చి పెట్టాం. అది ఇంటి గాలికి అలవాటు పడాలట. "కొత్త కోడలితో సమానం, కొన్నాళ్ళు ఊరికే కూచోనివ్వాలి, రాగానే పని చెప్పకూడదు" అన్నారు కలప డిపో ఆయన. మరి నా చేత వచ్చిన వారానికే మేకులు పీకిస్తున్నారేం అని అడిగాను. మీ నాన్న వినపడనట్టు నటించారు.

పాత లినోలియం పీకితే కింద ఇంకో లినోలియం. దాని కింద పాత పేపర్లు. ఉల్లిపాయ ఒలిచినట్టు ఒలుస్తూ పోతే ఆఖరికి పాత చెక్క పలకలు బయటపడ్డాయి. ఒక్కోటీ ఒక్కో రాగం తీస్తుంది. ఆయన బస్సు డ్యూటీ దిగి రాగానే బూట్లు విప్పి వాటి మీద నడుస్తారు. కిర్రుమన్న చోటల్లా సుద్దతో గుర్తు పెడతారు. మర్నాడు పొద్దున నేను అక్కడ తుప్పు మేకు పీకితే, ఆయన మరమేకు దింపి పలకని కింది దూలానికి బిగిస్తారు. కుట్లు విప్పే చేతులకి మేకులు పీకడం ఒక లెక్కా.

మీ అమ్మగారి బీరువా హాల్లోనే ఉంది కదా. దాన్ని పక్క గదిలోకి జరపాలి. నువ్వు సరేనంటేనే జరుపుతాం. నేను దాన్ని తెరవలేదు.

చివర ఏమని సంతకం పెట్టాలో తెలియలేదు. అందుకని పెట్టడం లేదు.


కోళ్ల ఫారం,
హాస్టలు గది

టైలరమ్మ గారికి,

బీరువా జరపండి. తాళం చెవి నా దగ్గరే ఉంది కాబట్టి తెరవడం అనే మాట రాదు.

సెలవులకి వస్తానని నేను ఎవరికీ చెప్పలేదు. నాన్న తనంతట తనే అనుకుని ఉంటాడు.

మీకు చెప్పేవాళ్ళు లేరు గనక ఒక సంగతి చెబుతున్నాను. నాన్నకి చల్లగాలి పడదు. ముసురు పట్టిందంటే దగ్గు మొదలవుతుంది. అది వచ్చిందంటే ఓ పట్టాన వదలదు. అమ్మ కిటికీ సందుల్లో గుడ్డపేలికలు కుక్కి ఆయన్ని వెచ్చగా ఉంచేది. మీరు కిటికీలు బార్లా తెరిచి ఆయన్ని నేల మీద పాకించకండి. చెక్క నేల లేకపోయినా బతుకుతాం.

ఇక్కడ కొత్తగా కోడిపిల్లలు దిగాయి. వాటిని వెచ్చగా ఉంచడం నా పని. మనుషుల కంటే నయం. చలేస్తే దగ్గరికి చేరతాయి, ఉక్కపోస్తే దూరం జరుగుతాయి. లోపలొకటి బయటొకటి ఉండదు.

నాన్నని అడిగానని చెప్పండి.


ఇంటి నుంచి,
ఇంకా వంటింట్లోనే

అమ్మాయికి,

నువ్వు జవాబు రాశావు. అందులో ఏముందన్నది తర్వాత సంగతి. రెండు సార్లు చదువుకుని మడిచి దాచుకున్నాను.

ఇక్కడ పని ఆగిపోయింది. పలకలన్నీ బిగించాం. పొడవాటి రూళ్లబద్ద వేసి ఎత్తుగా ఉన్న చోట చిత్రిక పట్టాం, పల్లంగా ఉన్న చోట లప్పం నింపాం. ఇక ప్లైవుడ్ పరిచి దాని మీద చెక్క వెయ్యడమే అనుకుంటే, కలప డిపో ఆయన చెమ్మ చూసే మీటరు తెచ్చి పలకల్లో గుచ్చారు. ముల్లు చివరికంటా పోయింది. "దీని మీద వేశారంటే ఏడాది తిరక్కుండా మీ చెక్కలు పడవల్లా వంగిపోతాయి. నేలా చెక్కా చెమ్మలో దగ్గర దగ్గరగా వచ్చేదాకా ఆగండి" అన్నారు.

"ఎన్నాళ్ళాగాలి?" అన్నారు మీ నాన్న.

"నన్నడిగితే? నేలనడగండి."

ఆగడం మీ నాన్న జాతకంలో ఉందా? బస్సులకి కొట్టిన రంగు ఆరబెట్టే గ్యాస్ హీటరు ఒకటి వర్క్‌షాపులో ఉంటే అడిగి తెచ్చారు. పీపాలా ఉంటుంది. వెలిగిస్తే గాలివాన వచ్చినట్టు చప్పుడు. బస్సులు పట్టేంత గుమ్మాలున్న షెడ్డులో వాడేది కదా, మన హాలుకి దాని వేడి చాలా ఎక్కువ.

నువ్వు రాసింది ఆయనకి చెప్పకుండానే అమలు చేశాను. కిటికీలన్నీ మూసేశాను. అంతేనా, ప్లాస్టిక్ షీటు రెండు పొరలుగా మిషను మీద కుట్టి, అంచులకి పట్టీ వేసి, కిటికీలకీ వీధి గుమ్మానికీ తెరల్లా బిగించాను. సూది మొన దూరే సందు లేదు. మేం దొడ్డి గుమ్మంలోంచే వస్తూ పోతున్నాం. మంచాలు కూడా హాల్లోకే మార్చాను. బయట ఎంత ముసురు పట్టినా లోపల వెచ్చగా ఉంటోంది. ఆయనకి దగ్గు రాలేదు. ఆ ఒక్క విషయంలో నువ్వు నాకు మార్కులు వెయ్యాలి.

అయితే ఒకటి. ఈ మధ్య ఆయనకి చిరాకు ఎక్కువైంది. లేస్తూనే తలపోటంటారు. మాట్లాడితే విసుక్కుంటారు, మాట్లాడకపోతే "మూతి ముడుచుకున్నావేం" అంటారు. పిల్లి కూడా ఇంట్లోకి రావడం మానేసింది. గోడ మీద కూచుని చూస్తుంది గానీ పిలిస్తే రాదు. మీ అమ్మగారు పెంచిన పిల్లి. నేనంటే గిట్టలేదేమో.


కోళ్ల ఫారం,
ఆఫీసు బయట అరుగు మీద

టైలరమ్మ గారికి,

సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పండి. నాన్న తాగుతున్నాడా?

మొన్న ఆదివారం ఫోనులో "అన్నం తిన్నావా" అని అడిగాడు. తిన్నానన్నాను. కాసేపటికి మళ్ళీ "అన్నం తిన్నావా" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. "నాన్నా, ఒంట్లో బాగాలేదా" అంటే నవ్వాడు. ఆ నవ్వు నాన్నది కాదు. నా జన్మలో ఆయన తాగి ఎరగడు. అమ్మ పోయినప్పుడు కూడా ముట్టలేదు. ఇప్పుడు మొదలుపెట్టాడంటే ఆ ఇంట్లో ఏం జరుగుతోంది?

నేనే వచ్చి చూద్దును. రాలేను. పక్క ఫారంలో కోళ్ళకి తెగులు కనిపించిందని మా గేటు మూసేశారు. పరీక్షల ఫలితాలు వచ్చేదాకా మమ్మల్ని ఎవర్నీ బయటికి పంపరు. ఉత్తరాలు మాత్రం గేటు దగ్గర బుట్టలో వేసి తీసుకెళ్తున్నారు.

మీరు దాచడం మొదలుపెడితే నాకు తెలుస్తుంది. నాన్న గురించి ఎవరు ఏం దాచినా నాకు తెలుస్తుంది.


ఇంటి నుంచి

అమ్మాయికి,

ఆయన తాగడం లేదు. తాగినా బాగుండేది, ఎందుకిలా ఉన్నారో తెలిసేది.

నీకు చెప్పనని ఆయనకి మాటిచ్చాను. ఇప్పుడు తప్పుతున్నాను. పోయిన వారం ఆయన బస్సుని స్టాపు దగ్గర స్తంభానికి గుద్దారు. పొద్దున్నే మొదటి ట్రిప్పు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, అద్దం పగిలింది. బ్రేకు మీద కాలు వేశాననే అనుకున్నారట. కండక్టరు "కళ్ళు తెరిచే ఉన్నాడమ్మా, కానీ మనిషి లేడు అందులో" అన్నాడు. బస్సు డిపో వాళ్ళు సెలవు పెట్టించి ఇంటికి పంపారు. విశ్రాంతి తీసుకుంటే సర్దుకుంటుందన్నారు.

సర్దుకోలేదు. ఇంట్లో ఉన్నకొద్దీ ఎక్కువవుతోంది. పొద్దస్తమానం హాల్లో హీటరు పక్కన కూచుని మీటరు గుచ్చి చూస్తుంటారు. చెమ్మ దిగడం లేదు. అంత మంట పెట్టినా దిగదేం? నిన్న చూస్తే ఇంకాస్త పెరిగింది. గోడలు కూడా చెమర్చాయి. ఆయన మీటరుని గోడకేసి కొట్టారు. తర్వాత కూచుని ఏడ్చారు. ఆ తర్వాత నన్ను మీ అమ్మగారి పేరుతో పిలిచారు. పిలిచిన సంగతి కూడా ఆయనకి తెలియదు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. నడిచే వెళ్ళాం. దారిలో తెరిపిన పడ్డారు. అక్కడికి వెళ్ళేసరికి డాక్టరుతో జోకులేస్తూ కూచున్నారు. "ఈయనకి రోగమేమిటమ్మా, మీ ఇద్దరికీ కొత్త కాపురం, అంతే" అని బలానికి మందు రాసిచ్చారు. ఇంటికొచ్చిన గంటకి మళ్ళీ మామూలే.

అదే నన్ను తినేస్తోంది. బయట ఉన్నంతసేపు బాగుంటారు. ఇంట్లోకి, నా దగ్గరికి వస్తేనే ఇలా అవుతారు. నాకూ అంతే. కుట్టు కొట్లో ఉన్నంతసేపు ప్రాణం హాయిగా ఉంటుంది. ఇంటి గుమ్మం తొక్కగానే తల బరువెక్కుతుంది, కడుపులో తిప్పుతుంది. నోటితో చెప్పలేనిది ఒళ్ళు చెబుతోందేమో. ఈ పెళ్ళి ఇద్దరికీ పడలేదేమో.

ఈ ఆదివారం నా పెట్టె తీసుకుని కొట్టు వెనక గదికి వెళ్ళిపోదామనుకుంటున్నాను. నేను లేకపోతే ఆయన మామూలు మనిషవుతారేమో చూడాలి. నీకు ముందుగా చెప్పాలనిపించింది. ఆయనకింకా చెప్పలేదు.


కోళ్ల ఫారం,
శనివారం పొద్దున

మీకు,

వెళ్ళిపోతానని రాశారు. మంచిది. వెళ్ళండి.

అమ్మ ఉన్నన్నాళ్ళూ నాన్న బస్సుకి గీత పడలేదు. ఇరవై ఏళ్ళు అదే రూటులో కళ్ళు మూసుకుని నడిపిన మనిషి. ఆ నేల మీద మీరు కాలు పెట్టిన వేళ ఏమిటో గాని, నాన్న ఉద్యోగం పోయేదాకా వచ్చింది, బుద్ధి చెడేదాకా వచ్చింది. మనిషి ఏడుస్తుంటే మీరు ఆయన నోట ఎవరి పేరు వచ్చిందా అని వింటూ కూచున్నారు. ఆ పేరు వచ్చిందంటే ఆయనకి ఎవరు కావాలో తెలియడం లేదా?

పెట్టె సర్దుకునేటప్పుడు ఆ ప్లాస్టిక్ తెరలు కూడా పట్టుకుపొండి.


కోళ్ల ఫారం, ఆఫీసు గది,
ఆదివారం మధ్యాహ్నం

టైలరమ్మ గారికి,

ఇది ఎప్పుడు చేరుతుందో, చేరితే చదవడానికి మీరు ఉంటారో లేదో తెలియదు. ఫోను పక్కన కూచున్నాను. అది మోగేదాకా ఏదో ఒకటి చెయ్యకపోతే పిచ్చెక్కుతుంది. అందుకని రాస్తున్నాను.

ఇందాక చివరి షెడ్డులోకి వెళ్ళాను. పొద్దుట్నించీ వాన. జల్లు పడుతోందని ఎవరో పక్క తెరలన్నీ కిందికి దించి కట్టేశారు. లోపల కోడిపిల్లలకి వేడి కోసం గ్యాస్ మంటలు. అడుగుపెట్టగానే చప్పుడు లేకపోవడం తెలిసింది. ఎప్పుడూ చెవులు హోరెత్తించే షెడ్డు. పిల్లలన్నీ మెడలు వాల్చి కునుకుతున్నాయి. కొన్ని అప్పటికే పోయాయి. తెగులు వచ్చేసిందనుకుని బయటికి పరుగెత్తి సూపర్‌వైజరుని పిలుచుకొచ్చాను. ఆయన ఒక్క చూపు చూసి, "తెగులూ కాదు, నా తలకాయా కాదు! తెరలు కొయ్యి, తెరలు!" అని కొడవలి తీసుకుని తాళ్ళు తెగ్గొట్టాడు. మేం చేటల్లో ఎత్తి బయట వరండాలో పెట్టిన పిల్లలు, నా కళ్ళ ముందే, ఒక్కొక్కటీ మెడ ఎత్తాయి.

"గాలాడని చోట మంట పెడితే విషం పుడుతుంది. వాసన ఉండదు, రంగుండదు. జోకొట్టి చంపుతుంది" అన్నాడు.

నేను చేతిలో కోడిపిల్లతో అక్కడే నిలబడిపోయాను. మీ ఉత్తరాలు ముక్క ముక్కా గుర్తొచ్చాయి. తలపోటు. బయటికి వెళ్తే తెరిపిన పడటం. మీకూ అలాగే ఉండటం. ఇంట్లోకి రాని పిల్లి. సూది మొన దూరే సందు లేదని రాశారు. నాన్న మీ వల్ల పాడైపోతున్నాడని మీరు అనుకున్నారు, నేనూ అనుకున్నాను. ఇద్దరిలో ఒక్కరం కూడా హీటరు వైపు చూడలేదు.

మందుల షాపుకి ఫోను చేశాను. షాపాయన "ఆదివారం కదమ్మా, షట్టరు సగం దించేశాను, ఏం కావాలి" అంటాడు తాపీగా. అరిచాను. ఏం అరిచానో గుర్తులేదు. "కిటికీలు పగలగొట్టండి, ముందు ఆ హీటరు ఆర్పండి, ఊపిరి బిగబట్టి వెళ్ళండి" అన్నాను. "చూస్తానుండు" అన్నాడు, రిసీవరు పక్కన పెట్టిన చప్పుడు వినిపించింది. అంతలో లైను తెగింది. మళ్ళీ చేస్తే ఎంగేజ్ వస్తోంది. నాలుగు సార్లు చేశాను, అయిదు సార్లు.

ఇవాళ ఆదివారం. వెళ్ళిపోతానన్నారు. మీరు వెళ్ళిపోయి ఉంటే నాన్న ఒక్కడే ఉంటాడు. నేనే వెళ్ళమని రాశాను. ఆ ఉత్తరం మీకింకా చేరి ఉండదు. చేరక ముందే మీరు వెళ్ళిపోయారేమో. వెళ్ళకండి. ఎక్కడికీ వెళ్ళకండి. కాదు, బయటికి వెళ్ళండి, ఇద్దరూ బయటికి వెళ్ళండి.

సూపర్‌వైజరు టీ తెచ్చి పెట్టాడు. తాగలేదు. గేటు తియ్యమని బతిమాలాను. ఆయన చేతుల్లో లేదట.

మోగుతోంది.


ఆస్పత్రి,
ఆడవాళ్ళ వార్డు

అమ్మాయికి,

మందుల షాపాయన ఫోనులో అంతా చెప్పానన్నాడు. ఆయన చెప్పింది సగం ఏడుపు, సగం గొప్పలు అయ్యుంటుంది. నేను సరిగ్గా చెబుతాను.

ఆ మధ్యాహ్నం పెట్టె సర్దుకున్నాను. మీ నాన్న మంచం మీద పడుకుని ఉన్నారు. చెప్పకుండా పోవడం న్యాయం కాదని పక్కన కూచుని లేపాను. లేవలేదు. నా మీద అలిగి నిద్ర నటిస్తున్నారనుకున్నాను. తిట్టాను కూడా. "ఇంత మొండితనం పనికిరాదు, నాకూ నోరుంది" అని ఏదేదో అన్నాను. అప్పుడు ఆయన చెయ్యి మంచం మీంచి జారి వేలాడింది. భుజాలు పట్టి కుదిపాను. కేకేద్దామంటే గొంతు రాలేదు. గుమ్మం వైపు వెళ్దామంటే కాళ్ళు నా మాట వినలేదు. మోకాళ్ళ మీద కొంత దూరం పాకాను. పలకల మీద సుద్ద గుర్తులు కనిపించాయి. "కాస్త ఆగి వెళ్దాం" అనిపించింది. అంత కమ్మగా ఏ నిద్రా నన్ను పిలవలేదు.

షాపాయన తలుపు తోసుకుని వచ్చాడు గానీ నా తెర దాటలేకపోయాడట. గుంజాడు, తన్నాడు. రెండు పొరలు, జంట కుట్టు. వెనక్కి పరుగెత్తి షాపులోంచి కత్తెర తెచ్చి కోశాడు. నాకు మెలకువ వచ్చాక ఆయన అన్న మొదటి మాట, "అమ్మా, నీ కుట్టు చింపలేక చచ్చాననుకో!" నవ్వబోయాను, వాంతి అయింది.

మీ నాన్నకి తెలివి రావడానికి ఒక పగలూ రాత్రీ పట్టింది. ముక్కుకి గాలి గొట్టం పెట్టారు. కళ్ళు తెరిచి ముందు నన్ను చూశారు. నా పేరు అడిగారు డాక్టరు. చెప్పారు. నీ పేరు అడిగారు. చెప్పారు. బస్సు రూటు అడిగితే స్టాపులన్నీ వరసగా చదవడం మొదలుపెట్టారు, డాక్టరే చాలు చాలన్నారు. గండం గడిచినట్టే. ఇంకొన్నాళ్ళు తల తిరుగుడు ఉంటుందట. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరం ఉండేవాళ్ళం కామన్నారు.

ఇంకో సంగతి కూడా ఈ డాక్టరే చెప్పారు. గ్యాస్ మండితే విషం ఒక్కటే కాదట, నీటి ఆవిరి కూడా వస్తుందట. అది బయటికి పోయే దారి లేక గోడలకీ పలకలకీ పట్టింది. ఒక చేత్తో తుడుస్తూ ఇంకో చేత్తో నీళ్ళు పోశామన్నమాట. చెమ్మ ఎలా దిగుతుంది?

నీ ఉత్తరం ఒకటి ఇంటికి వచ్చిందట. షాపాయన రేపు తెచ్చిస్తానన్నాడు.


కోళ్ల ఫారం

టైలరమ్మ గారికి,

ఆ ఉత్తరం చదవకండి. శనివారం రాసింది. దయచేసి చించెయ్యండి. నాన్నకి చూపించకండి. మీరు కూడా చూడకండి.

నాన్నకి గాలి బాగా తగిలేలా మంచం కిటికీ పక్కన వేయించండి. దగ్గు వస్తే రానివ్వండి.


ఇంటి నుంచి,
హాల్లో, ప్లైవుడ్ మీద కూచుని

అమ్మాయికి,

చించెయ్యమని నువ్వు రాసింది ఒక రోజు ఆలస్యంగా వచ్చింది. అప్పటికే చదివేశాను. ఆస్పత్రి మంచం మీద చదివాను. పక్క మంచం ఆవిడ "ఇంటి నుంచా, అంతా కులాసాయేనా" అని అడిగితే "కులాసాయే" అన్నాను. మీ నాన్నకి చూపించలేదు. చూపించను.

బాధ కలగలేదంటే అబద్ధం. చాలా కలిగింది. రెండు రోజులు నీకు జవాబు రాయకూడదనే అనుకున్నాను. తర్వాత ఒకటి తోచింది. నువ్వు నన్ను నమ్మి ఉంటే, నా ఉత్తరాలు పైపైన చదివి "పాపం" అనుకుని మడిచి పెట్టేదానివి. నమ్మలేదు గనకే ప్రతి మాటా పట్టి పట్టి చూశావు. పిల్లి సంగతి రాసింది నేను. నాకు మాత్రం అది పిల్లి సంగతిలాగే కనిపించింది. కాబట్టి నీ అనుమానం మీద నాకు కోపం లేదు. దాని పుణ్యాన ఊపిరి పీలుస్తున్నాను.

కానీ ఒక్క మాట మాత్రం వెనక్కి తీసుకోవాలి. కాలు పెట్టిన వేళ అన్నావు. ఆ మాట ఏ అత్తగారో అని ఉంటే పోనీలే అనుకునేదాన్ని, ఆ వయసు వాళ్ళు అంటారు. నువ్వు అనకూడదు. ఈ నేల మీద నేను కాలు పెట్టిన దానికంటే మోకాళ్ళు ఆనించిందే ఎక్కువ. మేకు మేకూ పీకాను. అది వెనక్కి తీసుకో. మిగతాది ఉంచుకో, నాకు అభ్యంతరం లేదు. పిన్ని అని కూడా పిలవక్కర్లేదు. టైలరమ్మ అన్నది నా చేతులతో సంపాదించుకున్న పేరు, నాకది బాగానే ఉంది.

ఇక నేల సంగతి. హీటరు వెళ్ళిపోయింది. కలప డిపో ఆయన వచ్చి ఇంటి చుట్టూ తిరిగి, గోడ అడుగున గాలి కోసం వదిలిన కన్నాలని ఎవరో ఎప్పుడో ఇటుకలతో మూసేశారని కనిపెట్టారు. "ఇల్లు ముక్కు మూసుకుని కూచుంది, ఇంకెక్కడి ఆరడం" అన్నారు. అవన్నీ తెరిపించాం. పలకల కిందికి దూరి, మట్టి మీద చెమ్మ పైకి రాకుండా ప్లాస్టిక్ పరిచాం. కిటికీలు తీసి, రెండు ఫ్యాన్లు పెట్టి, ఊరుకున్నాం. అంతే. మీ నాన్న శాలువా కప్పుకుని, చెవులకి మఫ్లరు చుట్టుకుని, ఆ గాలిలో కూచుని మీటరు చూసేవారు. దగ్గారు. నేనూ దగ్గాను. మెల్లమెల్లగా ముల్లు దిగింది. డిపో ఆయన మళ్ళీ గుచ్చి చూసి, చెయ్యి చాపారు. మీ నాన్న ఆ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ప్లైవుడ్ పరిచాం. షీటుకీ షీటుకీ మధ్య నాణెం దూరేంత సందు వదిలాం. మూల నుంచి మూలకి నడిచాను. ఒక్క చప్పుడు లేదు. అలవాటు తప్పి భయమేసింది.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. బస్సు డిపో డాక్టరు మీ నాన్నని పరీక్షించి డ్యూటీకి పంపొచ్చన్నారు. నిన్న మొదటి రోజు. నేను వెంట వెళ్తానంటే "బస్సెక్కడానికి నీకు నా పర్మిషనెందుకు" అన్నారు గానీ మొహం చిన్నబుచ్చుకున్నారు. నమ్మలేదని. నిజమే, నమ్మలేదు. ఆయన వెనక సీట్లోనే కూచున్నాను. ఆయన మెడ వైపు చూస్తూ కూచున్నాను. కాస్త వాలితే అరుద్దామని గొంతు సవరించుకునే ఉన్నాను. ఆ స్తంభం ఉన్న స్టాపు వచ్చింది. ముందు కడ్డీ గట్టిగా పట్టుకున్నాను. ఆయన అద్దంలో నన్ను చూశారు. బస్సు మెత్తగా ఆగింది. జనం ఎక్కారు. కదిలింది.

ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు. కళ్ళు తెరిచేసరికి ఆఖరి స్టాపు. బస్సు ఖాళీ. నా తల ఎవరో ముసలాయన భుజం మీద ఉంది. ఆయన స్టాపు ఎప్పుడో దాటిపోయినా లేపడానికి మొహమాటపడి కూచుండిపోయాడట పాపం. మీ నాన్న స్టీరింగు మీద చేతులు వేసుకుని వెనక్కి తిరిగి చూస్తూ, కండక్టరుతో "చూశావా, కాపలా కాయడానికొచ్చిన మనిషి!" అంటున్నారు.

చెక్క ఇంకా మూలనే ఉంది. ఆయన మొదటి వరస వెయ్యనివ్వడం లేదు. ఎందుకో నన్నడగొద్దు. కుర్చీలు కూడా లోపలికి తేనివ్వడం లేదు.

టైలరమ్మ


కోళ్ల ఫారం

టైలరమ్మకి,

ఫలితాలు వచ్చాయి. మా కోళ్ళకి ఏమీ లేదు. రేపు గేటు తీస్తారు. సూపర్‌వైజరు అడక్కుండానే సెలవు రాసి చేతిలో పెట్టాడు. ఆరోజు తాగకుండా వదిలేసిన టీ ఇంకా మర్చిపోలేదట, ఈసారి వచ్చేటప్పుడు ఇంటి నుంచి ఏమైనా తెమ్మన్నాడు.

శుక్రవారం స్టేషను నుంచి నాన్న బస్సుకే వస్తాను. నాన్నకి చెప్పకు. ఎక్కి టికెట్టు అడుగుతాను, ఏం చేస్తాడో చూద్దాం. నువ్వు స్టాపులో ఉండు. పెట్టె బరువుగా ఉంటుంది, అందులో బీరువా తాళం చెవి కూడా ఉంది. ఆ బీరువాలో అమ్మ చీరలున్నాయి. మడతల్లో పడుంటే చివికిపోతాయి. ఏది ఎలా ఉంచాలో నీకు తెలుస్తుంది, నాకు తెలియదు.

నువ్వు వెనక్కి తీసుకోమన్న మాట ఉత్తరంలో తీసుకోను. రాసిన మాటని ఇంకో రాతతో కొట్టెయ్యడం నాకు చాతకాలేదు, రెండు కాగితాలు పాడుచేశాను. వచ్చి, నీ మొహం చూస్తూ చెబుతాను. అప్పుడు నువ్వేమన్నా అనొచ్చు. నేను లేచి వెళ్ళిపోను.

కుర్చీలు లేవన్నావుగా. నేల మీదే కూచుందాం.